గాలికి పేరు పెట్టాక

నల్లమెట్ట, గురజాల దగ్గర
మే 9

భావనా,

ఇన్నేళ్ల తర్వాత నా నుంచి కాగితం మీద ఉత్తరం చూసి, ఎవరు పోయారోనని నీ గుండె గుబేలుమని ఉంటుంది. అవును. మా చెల్లి ఆసియా పోయింది.

ఏప్రిల్ ఆఖరు మంగళవారం. మధ్యాహ్నం దాకా మామూలు ఎండే. ఆ తర్వాత పడమటి ఆకాశం నల్లబడలేదు, పాచి పట్టిన నీళ్లలా పచ్చబడింది. అంగన్‌వాడీ పిల్లల్ని ఇళ్లకు పంపి తలుపుకు తాళం వేస్తున్నాను. వడగళ్లు పడి ఆగిపోయాయి. గాలి కూడా స్తంభించింది. అప్పుడు మామిడితోట వెనక నేల నుంచి మబ్బు దాకా మట్టిరంగు స్తంభం ఒకటి లేచింది. గిరగిరా తిరుగుతూ మా వీధి వైపు వచ్చింది. దాని చప్పుడు ఎలా ఉందో చెప్పడానికి నాకు మాట దొరకడం లేదు. మా ఇంటి రేకులు లేచిపోయి కరెంటు తీగల మీద వేలాడాయి. వీధి చివర నిలిపిన ట్రాక్టరు తొట్టి తిరగబడి చేలో పడింది. తలుపు వారన కళ్లు మూసుకున్నదాన్ని, తెరిచేసరికి వీధికి అటువైపు ఒక్క ఇంటికీ కప్పు లేదు.

ఆసియా అప్పుడు ఇంట్లో లేదు. వెంకటప్పయ్య గారి జిన్నింగ్ మిల్లులో పత్తి ఏరడానికి వెళ్లింది. గాలి మొదలవగానే ఆడవాళ్లు షెడ్డు వైపు పరుగెత్తారట. పత్తి తడుస్తుందని అప్పటికే షట్టరు దించేశారు. దాంతో ప్రహరీ గోడ వారన ముడుచుకుని కూర్చున్నారు. ఆ గోడ వాళ్ల మీద పడింది. ముగ్గురు పోయారు. మా పక్కింటి ఎస్తేరుకు కాలు విరిగింది, నరసరావుపేట ఆసుపత్రిలో ఉంది.

రెవెన్యూ ఆఫీసు నుంచి వచ్చినాయన బండి దిగకుండానే అన్నాడు: “ఈదురుగాలికి రేకులు లేవకుండా ఉంటాయా ఏందమ్మా? తుఫాను లేదు, వాయుగుండం లేదు. ఏమని రాయమంటావు?”

నువ్వు గాలీవానల చదువు చదివి, అదే పాఠం చెబుతున్నావు కదా. మా మీదకు వచ్చినదానికి ఒక పేరుందా? ఉంటే రాసి పంపు. నా ఫోను కప్పు కింద నలిగిపోయింది. మా ఆయన షఫీక్ ఫోను ఉంది కాని దాంట్లో నీతో మాట్లాడలేను. ఎందుకని అడగకు. అంగన్‌వాడీ అడ్రసుకు రాయి.

సబీహా

~

విశాఖపట్నం
మే 19

సబీహా,

మనం ఇంటరు చదివేటప్పుడు గురజాల బస్సు కోసం నిలబడితే, తనూ వస్తానని నీ చున్నీ పట్టుకుని ఏడ్చిన ఆసియానే నాకు గుర్తుంది. ఆ పిల్ల పెద్దదయ్యాక నేను సరిగ్గా చూడనేలేదు. ఏం రాసినా పైపై మాటలాగే ఉంటుంది. అమ్మనీ నాన్ననీ కనిపెట్టుకుని ఉండు.

నువ్వు అడిగిన దానికి వస్తాను. మామూలు గాలివాన ఒకే వైపు తోసుకుంటూ పోతుంది. నువ్వు రాసింది అది కాదు. పచ్చటి ఆకాశం, వడగళ్లు, నేలకూ మబ్బుకూ మధ్య తిరిగే స్తంభం, వీధికి ఒక పక్క కప్పులు పోయి రెండో పక్క మిగలడం. ఇవన్నీ టోర్నడో లక్షణాలు. మన దేశంలో రావని అనుకుంటారు గాని వచ్చాయి. బెంగాల్లో, ఒడిశాలో వచ్చాయి. 1978లో ఢిల్లీ నగరం మధ్యలోనే వచ్చింది. 1989లో బంగ్లాదేశ్‌లో వచ్చినదానికి వెయ్యిమందికి పైగా పోయారు. కొన్ని ఊళ్లలో నిలబడిన ఇల్లంటూ మిగల్లేదట. మన పల్నాడులో మాత్రం ఇలాంటిది ఎవరూ పరిశీలించి రాసినట్టు నాకు కనపడలేదు. ఇది చాలా అరుదైన సంగతి సబీహా. నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి నాకు వేరే ధ్యాస లేదు.

ఫొటోలు కావాలి. తోటలో చెట్లు ఒకే వైపు పడ్డాయా, తలో వైపూ పడ్డాయా? కొమ్మలు విరిగాయా, మెలితిరిగాయా? ఎంత వెడల్పున నష్టం జరిగింది? పడినవాటిని తీసేయకముందే తీయించి పంపు.

భావన

~

నల్లమెట్ట
జూన్ 14

భావనా,

‘అరుదైన సంగతి’ అన్న మాట దగ్గర నీ ఉత్తరం మడిచి పక్కన పెట్టాను. వారం దాకా మళ్లీ తీయలేదు. నీకు అరుదు. మాకు ఆ పిల్ల ఒక్కతే.

అయినా ఫొటోలు తీయించాను. గురజాల స్టూడియోలో కడిగించి ఇందులో పెడుతున్నాను. మామిడిచెట్లు తలో వైపూ పడ్డాయి. ఒక వేపచెట్టును చూడు, ఉతికిన చీర పిండినట్టు మెలితిరిగింది. మా వీధి దాటి వాగు దాకా అదే వరస. అటూ ఇటూ పొలాల్లో మొక్కలు మాత్రం ఏమీ ఎరగనట్టు నిలబడి ఉన్నాయి.

నలభయ్యో రోజు ఫాతిహా అయింది. నాన్నకు ఏమీ వద్దు, ఎవరూ వద్దు. అమ్మ మాత్రం వచ్చిన ప్రతివాళ్లకూ ఆ రోజు సంగతి మొదటి నుంచి చెబుతుంది. వెంకటప్పయ్య గారూ వచ్చారు. “అలీ సాహెబూ, దేవుడు చేసినదానికి మనమేం చేస్తాం?” అని నాన్న భుజం మీద చెయ్యి వేశారు. ఆయన తెచ్చిన బియ్యం బస్తా మోసుకుని వెనకాల వచ్చింది షఫీకే. ఆ మిల్లులోనే మెకానిక్కు కదా, మోయక తప్పదు.

ఎవరికీ సాయం అందలేదు. మండలాఫీసుకు పోతే గురజాల పొమ్మన్నారు. గురజాల పోతే మండలాఫీసు వాళ్లే రాసి పంపాలన్నారు. వాన మొదలైంది. చిరిగిన పరదాల కింద వంటలు చేసుకుంటున్నాం. ‘ఈదురుగాలి’ అని రాశారు కాబట్టి ఊరికి ప్రత్యేకంగా ఏమీ రాదట. నీ చదువుకు ఏమైనా విలువుంటే ఆ ఒక్క మాట మార్పించు.

సబీహా

~

విశాఖపట్నం
జూలై 6

సబీహా,

ఇక సందేహం లేదు. అది టోర్నడో. నీ ఫొటోలూ, ఆ రోజు రాడారు చిత్రాలూ పక్కపక్కన పెట్టి చూశాను. మా విభాగంలో అందరికీ చూపించాను. ఆ వేపచెట్టు ఫొటోను ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుని చూశారు. నివేదిక రాసి కలెక్టరు ఆఫీసుకు పంపాను. ఒక పత్రిక విలేకరి ఫోన్ చేస్తే వివరంగా చెప్పాను. ఆ ముక్క కత్తిరించి ఇందులో పెడుతున్నాను. ‘పల్నాడులో టోర్నడో’ అని పెద్ద అక్షరాల్లో వేశారు.

మిల్లు సంగతి కూడా అడిగాడు. అంత గాలికి ఏ గోడా నిలవదని చెప్పాను.

నీ కోపం అర్థమైంది. ‘అరుదు’ అనడం నాదే తొందర. కాని ఇప్పుడు మీ ఆఫీసర్లు ఈదురుగాలి అని తప్పించుకోలేరు. అది మాత్రం నీ వల్లే జరిగింది.

భావన

~

నల్లమెట్ట
ఆగస్టు 11

భావనా,

నువ్వన్నట్టే ఆఫీసర్లు తప్పించుకోలేకపోయారు. బండి దిగనివాళ్లు బురదలో దిగి ఇల్లిల్లూ తిరిగారు. రేకులు వచ్చాయి. వీధివాళ్లంతా నాకు దణ్ణాలు పెడుతున్నారు.

ఇక రెండోది విను. నీ పత్రిక ముక్కకు అద్దం కట్టించి మిల్లు ఆఫీసు గోడకు తగిలించారు. ఆసియా కేసు ఏమైందో కనుక్కోవడానికి నాన్నా నేనూ స్టేషనుకు వెళ్లాం. అక్కడ ఎస్సై ఆ ముక్కే తీసి మా ముందు పెట్టాడు.

“చదువుకున్నదానివిగా, చదువు. అంత గాలికి ఏ గోడా నిలవదని సైంటిస్టే చెప్పింది. ఇంక మేం ఎవరి మీద కేసు రాయాల? గాలి మీద రాయమంటావా?”

ప్రకృతి వైపరీత్యం అని రాసి మూసేశారు. మిల్లుకు బీమా కూడా వస్తుందట. నాన్న బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాడు. “ఆ సైంటిస్టు మన భావనేనా?” అని అడిగాడు. అవునన్నాను. లేచి బస్సు కోసం నడిచాడు. అరిచినా బాగుండేది.

నువ్వు ఆ గోడను చూశావా? కనీసం ఫొటో చూశావా? నేను పంపినవాటిలో మిల్లు ఫొటో ఒక్కటీ లేదు. చూడనిదాని గురించి విశాఖపట్నంలో కూర్చుని ఒక్క వాక్యం పలికావు. నేను నిన్ను గాలికి పేరు అడిగాను. మా చెల్లెలి చావుకు కారణం అడగలేదు.

సబీహా

~

విశాఖపట్నం
ఆగస్టు 22

సబీహా,

విలేకరి అడిగాడు, నాకు తెలిసినంతలో చెప్పాను. దాన్ని అద్దంలో పెట్టుకున్నది నేను కాదు, కేసు మూసింది నేను కాదు. నువ్వే పేరు పెట్టమన్నావు, పెట్టినందుకు నువ్వే తిడుతున్నావు. మూడు నెలలుగా నా పనులన్నీ పక్కన పెట్టి మీ ఊరి కోసమే కూర్చున్నాను.

ఆ గోడను నేను చూడలేదు, నిజమే. కాని అది బాగాలేదని నీకెలా తెలుసు? నువ్వు మొదటి నుంచీ ఏదో దాచి రాస్తున్నావు. నీ దగ్గర ఆధారం ఉంటే రాయి. లేకపోతే నన్ను వదిలెయ్.

భావన

~

నల్లమెట్ట
సెప్టెంబరు 7

భావనా,

దాచాను. ఇప్పుడు రాస్తున్నాను.

గోడ సంగతి నాకు చెప్పింది షఫీక్. ముందు అది నడుమెత్తు గోడ. పత్తి బేళ్లు దొంగలెత్తుకుపోతున్నారని, దాని మీదే ఇంకా ఇటుకలు పేర్చి రెండింతలు లేపారు. మధ్యలో ఒక్క స్తంభం లేదు. పోయిన వానాకాలంలో లోపలికి ఒరిగింది. వెంకటప్పయ్య గారు చూసి, “ఈ సీజన్ గడవనీరా, తర్వాత చూద్దాం” అన్నారట. అప్పుడు ఇనుప పైపులు ఆనించి ఆ గోడను నిలబెట్టింది షఫీకే. ఆసియాను మట్టి చేసి వచ్చిన సాయంత్రం, వాకిట్లో కూర్చుని తల కొట్టుకుంటూ ఇదంతా నాకు చెప్పాడు.

మర్నాడు పోలీసులు పిలిపించారు. తిరిగొచ్చాక అడిగాను.

“ఏం చెప్పారు స్టేషన్లో?”

“గోడ బాగానే ఉందని చెప్పా.”

“బాగానే ఉందా?”

“ఉందిలేవే! ఏం చెప్పమంటావ్? ఇద్దరు పిల్లలున్నారు. ఈ చుట్టుపక్కల ఇంకే మిల్లులో నన్ను చేర్చుకుంటారు? నిజం చెప్తే ఆసియా లేచొస్తదా?”

ఆ రోజు నుంచి నేను ఆయనతో మాట్లాడడం లేదు. అన్నం పెడతాను, బట్టలు ఉతుకుతాను. ఏదైనా చెప్పాల్సి వస్తే పిల్లలతో చెప్పిస్తాను. ఆయన ఫోనులో నీతో మాట్లాడలేనన్నది ఇందుకే. నాన్నకు ఈ సంగతి తెలియదు. తెలిస్తే కూతుర్నీ అల్లుణ్ణీ ఒకేసారి పోగొట్టుకున్నట్టవుతుంది. రోజూ ఆ ముసలాయన నా ఎదురుగా కూర్చుని “అంతా గాలి వల్లే” అంటుంటే వింటున్నాను.

నీ మీద అరిచిన అరుపుల్లో సగం షఫీక్ మీద అరవాల్సినవి. మిగతా సగం మాత్రం నీవే.

ఆధారం ఉందా అన్నావు. ఉంది, నా మొగుడి నోట్లో. తీయడం నా వల్ల కావడం లేదు.

సబీహా

~

గుంటూరు రైల్వేస్టేషను
అక్టోబరు 12

సబీహా,

రైలు ఆలస్యం. రెండు రోజులు మీ ఇంట్లో ఉండి కూడా, అమ్మా నాన్నల ముందు చెప్పలేకపోయినవి ఇక్కడ బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను.

మామిడితోట దగ్గర మొదలుపెట్టి వాగు దాకా నేను నడవడం నువ్వు చూశావు. టోర్నడో దారి మీ వీధి వెడల్పు కంటే కొంచెం ఎక్కువ, అంతే. మిల్లు ఆ దారిలో లేదు. ఊరికి ఆ చివర ఉంది. మిల్లు గేటు ఎదుట టీకొట్టు ఆయన్ని నీ ముందే అడిగాను కదా. “నా తాటాకు పందిరికేం కాలేదమ్మా. రెండాకులు లేచినయ్, మళ్లా కట్టుకున్నా” అన్నాడు. తాటాకు పందిరి నిలిచిన గాలికి ఆ గోడ పడింది.

మా చదువులో ఇలాంటి గాలిని నేరుగా కొలవలేం. అది పడగొట్టినవాటిని చూసి ఎంత బలమైనదో అంచనా వేస్తాం. అందుకే పడినది ఎలా కట్టారో ముందు చూడాలి. బంగ్లాదేశ్‌లో అయినా, ఢిల్లీలో అయినా అంతే. ఏటా పిల్లలకు ఈ పాఠం చెబుతాను. విలేకరి అడిగినప్పుడు నాకే గుర్తు రాలేదు. మీ నాన్న నాకు అన్నం వడ్డించమని అమ్మకు చెబుతుంటే తల ఎత్తలేకపోయాను.

నువ్వు అంగన్‌వాడీకి వెళ్లాక ఒక్కదాన్నే గురజాల ఆర్డీవో ఆఫీసుకు వెళ్లాను. నేను చూసినదంతా రాసి సంతకం పెట్టి ఇచ్చాను. అక్కడి గుమస్తా విసుక్కున్నాడు.

“మొన్న టోర్నడో అన్నారు, ఇప్పుడు కాదంటున్నారు. ఒక మాట మీద ఉండండి మేడమ్.”

“కాదనలేదండీ. ఊళ్లో వచ్చింది టోర్నడోనే. మిల్లులో పడింది మాత్రం ఒరిగిన గోడ. రెండూ రాసుకోండి.”

విచారణ మళ్లీ జరుపుతారట. ఎప్పుడన్నది చెప్పలేదు. మా విభాగం పెద్దాయన అప్పుడే ఫోన్ చేశారు. ఈ కోర్టు గొడవల్లోకి విభాగం పేరు లాగవద్దని కేకలేశారు. లాగలేదు. నా పేరే పెట్టాను.

షఫీక్‌తో మాట్లాడాలనుకున్నాను. టీ గ్లాసు నా చేతికిచ్చి, నా ముఖం చూడకుండా బయటికి వెళ్లిపోయాడు. గాలి గురించి నేను చెప్పగలను సబీహా. ఆ గోడ ముందే ఒరిగి ఉందని చెప్పాల్సింది అతనే.

భావన

~

నల్లమెట్ట
డిసెంబరు 18

భావనా,

రెండుసార్లు వాయిదా వేసి, నిన్న విచారణ జరిపారు. మొదటిసారి ఆఫీసరు రాలేదు. రెండోసారి వెంకటప్పయ్య గారి వకీలు రాలేదు. ప్రతిసారీ ఎస్తేరు చంకకర్రలతో బస్సెక్కడం, దిగడం.

నిన్న ముందు ఎస్తేరే చెప్పింది. “షట్టరు మూసేశారయ్యా. తియ్యమని బాదాం. తియ్యలా” అంది. ఆవిడ ఏడవలేదు. వకీలు మాత్రం మధ్యమధ్య వాచీ చూసుకున్నాడు. తర్వాత నీ కాగితం చదివించాడు. “ఈ మేడమే కదండీ, ఏ గోడా నిలవదని పేపర్లో చెప్పింది?” అని నవ్వాడు. ఆర్డీవో గారూ నవ్వారు. అయిపోయిందనుకున్నాను. నాన్న నా పక్కనే ఉన్నాడు.

అప్పుడు మిల్లు తరఫున షఫీక్‌ను పిలిచారు. గోడ బాగానే ఉందని పోలీసులకు చెప్పాడు కదా, అదే మళ్లీ చెప్పించాలని. షఫీక్ నిలబడ్డాడు.

“చెప్పవయ్యా, గోడ ఎలా ఉండేది?” అన్నారు ఆర్డీవో.

“ఒరిగుండేది సార్. పోయినేడాది వానాకాలం నుంచే ఒరిగుంది. పైపులు ఆనించింది నేనే. పోలీసులు రాకముందు తీసెయ్యమంటే తీసింది కూడా నేనే.”

వెంకటప్పయ్య గారు లేచారు. “ఒరేయ్ షఫీకూ! పదేళ్ల నుంచి నీకు పనిచ్చాను గదరా!”

“ఇచ్చారయ్యా. ఆ గోడ కింద మా మరదలుంది.”

నాన్న షఫీక్ వైపు చూశాడు. ఆ చూపు గురించి నీకు రాయలేను. లేచి, అల్లుడి ముందు నుంచే నడిచి బయటికి వెళ్లిపోయాడు. చెప్పినందుకు కాదు. ఇన్నాళ్లు చెప్పనందుకు.

ఇక ఏమైందంటావా? కేసు మళ్లీ తెరవమని పోలీసులకు రాస్తారట. పైపులు తీసినందుకు షఫీక్ పేరు కూడా అందులో రాస్తారట. వెంకటప్పయ్య గారు కారెక్కి మిల్లుకే వెళ్లారు. మిల్లు ఆడుతూనే ఉంది, పత్తి లారీలు గేటు బయట వరస కట్టి ఉన్నాయి. షఫీక్ పని ఆ సాయంత్రమే పోయింది. మాచర్లలో లారీ షెడ్డు ఒకటుంది, అడుగుతానంటున్నాడు. నిజం చెబితే గుండె తేలికవుతుందని అంటారు కదా, మా ఇంట్లో ఎవరికీ కాలేదు.

బస్సులో షఫీక్ నా పక్కనే కూర్చున్నాడు. ఊరి దగ్గర పడుతుండగా మెల్లగా అడిగాడు. “చెప్పేశాగా. ఇప్పుడన్నా మాట్లాడతావా?”

నేను కిటికీలోంచి చూస్తున్నాను. మిల్లు దగ్గర కొత్త ప్రహరీ లేస్తోంది. నాలుగడుగులకొక స్తంభం. ఒక్కో దాంట్లో నా బొటనవేలంత లావు ఇనుప చువ్వలు. ఇద్దరు మేస్త్రీలు బీడీలు తాగుతూ, ఏ హడావుడీ లేకుండా సిమెంటు పోస్తున్నారు.

“చూడండి, ఎంత తేలికైన పనో” అన్నాను.

ఏప్రిల్ తర్వాత ఆయనతో నేను మాట్లాడిన మొదటి మాట అది. ఆయన అటు చూసి, తల వంచుకున్నాడు. మా స్టాపు వచ్చినా ఇద్దరం లేవలేదు. కండక్టరు అరిస్తే లేచాం.

సబీహా